రేవు గుంజకు కట్టిన తెల్ల తాడు

కొత్తగా ఉద్యోగంలో చేరిన మాస్టర్లు నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక మాట అడుగుతుంటారు. "మీ సర్వీసులో ఎవరిని చూసి నేర్చుకున్నారు మాస్టారూ?" అని. నేర్చుకోవడం సంగతి తరవాత చెప్తాను. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో నేను కడుపు రగిలిపోయేలా ఈర్ష్యపడింది ఒకే ఒక్క మనిషిని చూసి. ఆ మనిషి హెడ్మాస్టరు కాదు. నాకన్నా వెనక చేరి నాకన్నా ముందు ప్రమోషను కొట్టేసిన లెక్కల మాస్టారూ కాదు. తాళ్ళు పేనుకు బతికే ఒక ఆడమనిషి. సంతకం కూడా రాదు, వేలిముద్రే.

నవ్వకండి. ఆ వేలిముద్ర హాజరు పుస్తకంలో నా సంతకం కింద పడిన మొదటి రోజున నాకు అన్నం సయించలేదు.

అది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త. రాజోలు తాలూకాలో, సఖినేటిపల్లి రేవుకు నడిచిపోయేటంత దూరంలో ఒక బోర్డు హైస్కూలు. ఊరి పేరు చెప్పను, ఆ పిల్లల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. నేను చేతిపని మాస్టారిని. అట్టలతో పెట్టెలు చెయ్యడం, పలక చెక్క మీద రంపపు పని, అన్నిటికన్నా ముఖ్యంగా తకిలీ మీద నూలు వడకడం రాజమండ్రిలో నేర్చుకుని సర్టిఫికెట్టు పుచ్చుకున్నాను. దానికి అద్దం కట్టించి ఇంట్లో వీధి గదిలో వేలాడదీశాను. వచ్చినవాళ్ళు చూడకపోతే గాలికి వంకరైందని వాళ్ళ ముందే సరిచేసేవాణ్ణి.

చిక్కేమిటంటే, కోనసీమలో పత్తి చేను అన్నది లేదు. మా బడికి దూది కాకినాడ నుంచి పార్శిల్లో వచ్చేది. దారిలో చెమ్మ పట్టేది. వడికితే బెత్తెడు దారం వచ్చి పుటుక్కున తెగేది. పిల్లలు తకిలీలను బొంగరాలుగా తిప్పుకునేవారు. నా వెనక నన్ను 'బొంగరాల మాస్టారు' అంటారని నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ణి.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. బళ్ళో నేర్పే చేతిపని ఆ ప్రాంతపు జనం తరతరాలుగా చేస్తున్న పనై ఉండాలనీ, అందులోని తెలివిని పిల్లలకు పాఠంగా చెప్పాలనీ, ఒక ఏడాది చూసి జిల్లా మొత్తానికి పాఠ్యక్రమం తయారు చేస్తామనీ దాని సారాంశం. మా హెడ్మాస్టరు గారు ఖద్దరు మనిషి. ముక్కుపొడుం పీలిస్తే తప్ప ఆయనకు ఆలోచన వచ్చేది కాదు. ఆ కాగితం పట్టుకుని నన్ను పిలిచారు.

"మన చుట్టూ ఏముందండి?" అని అడిగారు.

"కొబ్బరండి."

"మీకు పీచు తీసి తాడు పేనడం వచ్చునా?"

"అందులో నేర్చుకోవడానికి ఏముందండి. రేవు పేటలో ఆడాళ్ళు చేసుకునే పని."

ఆయన పొడుం పీల్చారు. "అయితే ఆ ఆడాళ్ళలో ఒకరిని పిలుద్దామండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇన్నాళ్ళూ దూది కోసం కాకినాడ కేసి చూసేం."

నాకు వచ్చునంటే సరిపోయేది. లేదా నేర్చుకుంటానంటే సరిపోయేది. నా నోటి దురుసే ఆవిణ్ణి బడికి తీసుకొచ్చింది.

ఆవిడకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. రేవు పేటలో కాపురం. భర్త నరసాపురం పడవ నడిపే సరంగు. ఆదివారం నాడు తెల్ల చీర కట్టుకుని ప్రార్థనకు వెళ్ళేది, మిగతా ఆరు రోజులూ పీచు రంగు చీరే. హెడ్మాస్టరు గారు ఆవిణ్ణి 'అమ్మా, మీరు' అన్నారు. మమ్మల్నీ అలాగే అనమన్నారు. నేను 'అమ్మా' వరకూ అన్నాను. 'మీరు' నా నోట రాలేదు.

మొదటి రోజు నా గదిలోనే, నా కుర్చీయే ఆవిడకు వేశారు. ఆవిడ కూర్చోలేదు. ఆ కుర్చీని వెనక్కి తిప్పి, దాని కాలికి నాలుగు పోగుల పీచు కట్టి, అరిచేతుల మధ్య పేనుతూ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగింది.

"మీ ఇళ్ళకాడ నూతి తాడు ఎన్నాళ్ళాడిందమ్మా?"

ఆ బళ్ళో చేరిన మూడేళ్ళలో నేను ఎన్ని ప్రశ్నలు వేశానో నాకే గుర్తులేదు. జవాబు చెప్పిన పిల్లలు మాత్రం గుర్తున్నారు, ఎందుకంటే ముగ్గురే. ఆవేళ నలభై మందీ చెప్పారు. మా ఇంట్లో ఏడాది, మా ఇంట్లో ఎనిమిది నెలలే, మా నాయనమ్మ ఉన్నప్పటిది ఇంకా ఉంది అని. ఆవిడ అందరివీ విని, "ఎక్కడ తెగిందమ్మా?" అంది. ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు. ఆవిడే చెప్పింది.

"ముడికాడ తెగితే కట్టినోళ్ళ తప్పండి. గిలకకాడ తెగితే గిలక తప్పు. పురి విడిపోయి జారితే పేనినోళ్ళ తప్పు. అయ్యేమీ కాకుండా నడిమికి పుల్లలాగ తెగితే మాత్రం పీచు తప్పండి. తెగిన తాడుని పారెయ్యకూడదు. అదే చెప్పుద్ది."

పిల్లలు దాన్ని ఎక్కం వల్లించినట్టు వల్లించారు. మర్నాడు సగం మంది ఇళ్ళ నుంచి తెగిన తాడు ముక్కలు పట్టుకొచ్చారు. ముడి తప్పా, గిలక తప్పా, పీచు తప్పా అని వరండాలో తీర్పులు. హెడ్మాస్టరు గారు కూడా ఒక ముక్క తెచ్చారు. నేను గది మూలలో తకిలీల పెట్టెకు తాళం వేస్తూ నిలబడ్డాను. ఎవరూ నాకేసి చూడలేదు.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోతూ, "వెళ్ళొస్తామండీ పంతులమ్మ గారూ" అన్నారు ఆవిడతో. పంతులమ్మ గారు. ఆ మాట కోసం నేను రాజమండ్రిలో రెండేళ్ళు సత్రం భోజనం తిన్నాను. ఆవిడకు ఒక్క పూటలో వచ్చేసింది. నా కడుపులో ఏం జరిగిందో దాన్ని మంట అనే అంటారు, ఇంకో పేరు లేదు.

పుండు మీద కారం చల్లినట్టు మా ఆవిడ ఒకటి చేసింది. మా నూతి తాడు తెగితే, నాతో చెప్పకుండా రేవు పేటకు కబురు పెట్టి ఆవిడ దగ్గరే తాడు కొనిపించింది. నల్లగా, ముతగ్గా, కాస్త వాసనేస్తూ ఉండేది. తెల్లవారి నీళ్ళు తోడబోతే అదే చేతికి వచ్చేది. "ఎక్కడా దొరకనట్టు ఆవిడ దగ్గరే దొరికిందా?" అన్నాను. "మన్నేది ఆవిడ దగ్గరే దొరుకుతుందన్నారండి అందరూ" అంది మా ఆవిడ.

ఇక పీచు ఊరబెట్టే గొయ్యి సంగతి. పీచు తియ్యాలంటే పచ్చి కొబ్బరి డొక్కల్ని నీళ్ళలో ఊరబెట్టాలి. మంచినీళ్ళు పనికిరావు. గోదారి పాయ ఒడ్డున, పోటుకు ఉప్పునీరు ఎక్కి పాటుకు దిగిపోయే చోట గొయ్యి తవ్వి, డొక్కలు పేర్చి, మట్టలు కప్పి, తేలిపోకుండా పైన కొబ్బరి దుంగలు పెట్టాలి. ఆవిడ పిల్లల చేత అదంతా చేయించింది. ఒక్కొక్కరూ తమ డొక్క మీద మేకుతో ఒక గుర్తు చెక్కుకున్నారు. చేప, నాగలి, చుక్క, సిలువ, శంఖం, ఎవరికి తోచింది వాళ్ళు. ఆరు నెలలకు గాని పైకి తియ్యకూడదంది.

పాఠ్యక్రమం రాసే పని నాది. మూడు నెలలకో పరీక్ష. ఆరు నెలలు ఊరే పాఠాన్ని ఏ పరీక్షలో ఇరికించను? హెడ్మాస్టరు గారి ముందే అడిగాను, "మూడు నెలల్లో తీస్తే ఏమవుతుందమ్మా?" అని.

"పీచుకి మన పరీక్షలు తెలవవు కదండీ" అంది ఆవిడ.

హెడ్మాస్టరు గారు పగలబడి నవ్వారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. నేను మూడేళ్ళలో ఎన్నో మంచి మాటలు అన్నాను. ఆయన ఒక్కటీ రాసుకోలేదు.

ఆ రాత్రే నాకు ఆలోచన తట్టింది. ఆరు నెలల పనిని ఒక్క రోజులో చేసి చూపిస్తే? చాకలి సోడా తెప్పించాను. సోడా ఒక్కటే అయితే నిదానమని అందులో సున్నం కలిపాను. పెరట్లో బాన పొయ్యి మీద పెట్టి డొక్కల్ని పొద్దున్నించీ సాయంత్రం దాకా ఉడకేశాను. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అటూ ఇటూ తిరిగింది. కానీ సాయంత్రం బానలోంచి తీసి కడిగి ఆరేస్తే, అబ్బాయిలూ, ఎంత పీచనుకున్నారు. లేత బంగారు రంగు. పట్టుకుచ్చులా మెత్తన. వాసన లేదు, బురద లేదు. సోడాలో సున్నం కలిపితే ఎంత ఘాటైన క్షారం అవుతుందో, అది పీచులోని సత్తువను ఎలా తినేస్తుందో ఆలోచించాల్సిన మొదటి మనిషిని నేనే. కానీ ఆ పూట నేను ఆ పీచులో నా మొహం చూసుకుంటున్నాను.

నాకు పీచు తియ్యడం వచ్చింది గాని తాడు పేనడం రాదు. ఆవిడకే ఇచ్చాను. ఆవిడ చేత్తో నిమిరింది. ఒక పోగు తీసి పంటితో కొరికి చూసింది.

"శానా తెల్లగా ఉందండి. చూడ్డానికి బాగుందండి. పేనమంటే పేనుతానండి మాస్టారండీ. మంచానికి కట్టుకోండి, దండేనికి కట్టుకోండి. పడవకి మాత్రం కట్టకండి."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆవిడకు ఈర్ష్య అనుకున్నాను. ఇన్నాళ్ళూ నేను పడ్డది ఇప్పుడు ఆవిడ పడుతోంది అనుకున్నాను. ఈర్ష్య ఉన్నవాడికి లోకమంతా ఈర్ష్యపడుతున్నట్టే కనబడుతుంది.

గొయ్యి కప్పిన మూడో నెలలో తనిఖీకి పెద్ద ఆఫీసరు వచ్చారు. సూటు, బూటు, చేతిలో గొడుగు. తనిఖీ పొద్దున్నే ముగించుకుని, సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురంలో రైలెక్కాలి ఆయన. ఆవిడ తాడు చూసి ముక్కు మూసుకున్నారు. నా తాడు చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇది ఎవరి పద్ధతి?"

"నాదేనండి. ఒక్క రోజులో అయిపోతుందండి."

"శాస్త్రీయంగా ఉంది" అన్నారాయన. "ఇదే పాఠ్యక్రమంలో పెడదాం. ఒక్క రోజులో అయ్యేదానికి ఆరు నెలల గొయ్యి ఎందుకు, దానికి వేరే మనిషి ఎందుకు? మీరే చూసుకోవచ్చుగా?"

హెడ్మాస్టరు గారు, "ఆవిడ లేకపోతే పిల్లలకు..." అని ఏదో అనబోయారు. "చూద్దాం, చూద్దాం" అన్నారు ఆఫీసరు. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అంతా విన్నది. నేను ఆవిడ మొహం కేసి చూడలేదు. మూడు నెలల తరవాత ఆవేళ నాకు ఆకలి వేసింది.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఆఫీసరును సాగనంపడానికి పిల్లలతో సహా అందరం రేవుకు వెళ్ళాం. నేను తెల్ల తాడు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళాను. రేవులో ఆవిడ భర్త పడవను గుంజకు కట్టి సిద్ధంగా ఉంచాడు. నేను ముందుకు వెళ్ళి, "ఆ నల్ల తాడు విప్పేసి దీనితో కట్టవయ్యా. అయ్యగారు చూస్తారు" అన్నాను.

అతను భార్య కేసి చూశాడు. ఆవిడ నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా, మెల్లిగా చెప్పింది. "వద్దండి మాస్టారండీ. గోదారి పాటు మీద ఉందండి. లాగుద్దండి."

నేను మాత్రం అందరికీ వినబడేటట్టే అన్నాను. "ఏమ్మా, నీ తాడుకి గిరాకీ పోతుందని భయమా?"

ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ వెనక్కి తగ్గింది. అతను తెల్ల తాడుతో పడవ కట్టాడు. మాస్టారు చెప్పిన తరవాత కాదనడం ఆ రోజుల్లో ఉండేది కాదు.

ఆఫీసరు ఎక్కారు. పెట్టె ఎక్కించడానికి హెడ్మాస్టరు గారూ ఎక్కారు. సరంగు ఒడ్డున, పడవ ఎక్కడానికి వేసిన బల్ల పట్టుకుని ఉన్నాడు, పడవలో గెడ దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. పాటు బలంగా లాగుతోంది. తాడు బిగుసుకుంది. నేను దాన్నే చూస్తున్నాను, ఎండలో బంగారంలా ఉంది. టప్ మని చిన్న చప్పుడైంది. అంతే. బల్ల నీళ్ళలో పడింది. పడవ అడ్డం తిరిగి, ఆఫీసరుతో, హెడ్మాస్టరు గారితో, నేను కట్టించిన పూలదండతో సహా నడి గోదారికి సాగిపోయింది.

ఎవరికీ ప్రాణాపాయం లేదు, కంగారు పడకండి. ముసలాయన గెడ వేసి ఆపబోతే పడవ పోయి ఇసక తిప్ప మీదికి ఎక్కింది. నీళ్ళు తీసేస్తున్నాయి. మళ్ళీ పోటు వచ్చేదాకా అది కదలదు. సరంగు దోనె వేసుకుని వెళ్ళాడు గాని, దోనె దాకా మోకాలి లోతు బురదలో నడవాలంటే ఆఫీసరు గారి బూట్లు ఒప్పుకోలేదు. నాలుగు గంటలు ఆయన ఆ తిప్ప మధ్య పడవలో గొడుగు వేసుకుని కూర్చున్నారు. నరసాపురం వైపు నుంచి రైలు కూత మా ఒడ్డుకే వినబడింది. ఆయనకు ఇంకా బాగా వినబడి ఉంటుంది.

పోటు వచ్చాక పడవ రేవుకు తిరిగొచ్చింది. ఆఫీసరు దిగారు. గుంజకు వేలాడుతున్న తాడు ముక్క చేత్తో పట్టుకుని నన్ను పిలిచారు. పిల్లలు ఒక్కరూ ఇళ్ళకు పోలేదు, అక్కడే ఉన్నారు.

"ఇదేనా మీ తాడు?"

అబ్బాయిలూ, నా సర్వీసులో నిర్ణయం చెయ్యవలసిన రోజంటూ ఉంటే అదే. 'ఆయ్, నాదేనండి' అంటే నా పని అయిపోతుంది. నేను ఏమన్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

"పద్ధతి నాదేనండి. పేనింది ఆవిడండి. పురి సరిగ్గా ఎక్కించలేదనుకుంటానండి."

ఆఫీసరు ఆవిడ కేసి తిరిగి, "నువ్వేనా పేనింది?" అన్నారు. ఆవిడ ఆయన చేతిలోని ముక్కను చూసింది. పురి చెక్కు చెదరలేదు. నడిమికి పుల్ల విరిగినట్టు తెగి ఉంది. ఆవిడ నాకేసి ఒకసారి చూసింది.

"ఆయ్. పేనింది నేనేనండి" అంది.

అడిగినదానికి జవాబు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. సరంగు నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపేసింది. హెడ్మాస్టరు గారు ఆ ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పొడుం డబ్బీ తీసి, పీల్చకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఒడ్డున నలభై మంది పిల్లలు. ముడి తప్పా, గిలక తప్పా, పేనినోళ్ళ తప్పా, పీచు తప్పా, అందరికీ కంఠతా వచ్చు. అందరూ నాకేసే చూస్తున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆ రాత్రి బడిలోనే బస చేసిన ఆఫీసరు తనిఖీ పుస్తకంలో రాశారు. తాళ్ళ బోధకురాలికి పనితనం చాలదు, ఆమెను మాన్పించి చేతిపని మాస్టారే ఆ పాఠం చెప్పవలెను అని. హెడ్మాస్టరు గారు ఎంత చెప్పినా వినలేదు. రైలు తప్పిన మనిషికి ఏం చెప్పగలం.

నేను గెలిచాను. నా గది నాకు వచ్చింది, నా కుర్చీ నాకు వచ్చింది. పిల్లలు నన్ను బొంగరాల మాస్టారు అనడం కూడా మానేశారు. లేచి నిలబడమంటే నిలబడేవారు, కూర్చోమంటే కూర్చునేవారు. అంత మర్యాద నేను ఎన్నడూ ఎరగను. ఆ మర్యాదకు నిద్ర పట్టేది కాదు.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక సాయంత్రం పాయ ఒడ్డున పోతుంటే గొయ్యిలో ఎవరో కనబడ్డారు. ఆవిడే. నడుం దాకా నల్ల బురద. ఆ కంపుకు నేను పది అడుగుల దూరంలోనే ఆగిపోయాను. పెద్ద పోటుకు దుంగలు కదిలిపోతే మళ్ళీ డొక్కల మీదికి జరుపుతోంది.

"ఏమ్మా, నీకేం పని ఇక్కడ? నిన్ను మాన్పించేరుగా?"

"ఆయ్, మానిపించేరండి. డొక్కలు తేలిపోతున్నాయని మా ఆయన చెప్పేరండి. పిల్లలు గుర్తులు చెక్కుకున్నారు కదండీ. పోతే బాధపడతారు."

వెళ్ళిపోవచ్చు. కానీ రెండు నెలలుగా గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది. "ఆవేళ నిజం ఎందుకు చెప్పలేదు నువ్వు?"

ఆవిడ దుంగ మీద చెయ్యి వేసి ఆగింది. "చెప్తే మీ ఉద్యోగం పోద్దేమో అనుకున్నానండి. నాకంటే, ఇది పోయినా ఇంటికాడ పీచుంది, తాళ్ళు పేనే రాట్నం ఉందండి. మీకేముందండి?"

దెప్పుతున్నట్టు కాదు. ఎద్దు కుంటుతుంటే రైతు ఎలా అంటాడో అలా, నిజంగా నా గురించి బెంగపడుతూ అంది. నాకు ఏడుపు రాలేదు. కృతజ్ఞతా రాలేదు. ఒళ్ళు మండిపోయింది. నా బతుకును నాకు భిక్ష పెట్టి, పైగా నామీద జాలి పడుతోందే ఈవిడ అని. తాడులో నాకన్నా గొప్పది, పాఠంలో నాకన్నా గొప్పది, సరే. మనసులో కూడా నాకన్నా గొప్పదైపోతే ఇక నాకు మిగిలేదేమిటి?

ఇంటికి వెళ్ళి ఆఫీసరుకు ఉత్తరం రాశాను. పురి దోషం లేదు, పీచు దోషం. పీచును సోడాలో ఉడకబెట్టి చంపింది నేను. పడవకు కట్టమన్నది నేను. వద్దన్నది ఆవిడ. సాక్ష్యంగా తెగిన ముక్క జతపరచడమైనది. ఆ ముక్కను ఆవేళే రేవులో ఏరుకుని దాచాను. ఎందుకు దాచానో నాకు అప్పుడు తెలియదు.

ఉత్తరం హెడ్మాస్టరు గారి ద్వారా వెళ్ళాలి. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇది పంపితే మీకు నష్టమండి" అన్నారు.

"తెలుసండి."

"మరెందుకు రాసేరు?"

"నిజం కాబట్టండి" అన్నాను.

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. ఇన్నాళ్ళకు నా మాట ఒకటి ఆ పుస్తకంలోకి ఎక్కింది. అదీ అబద్ధమే. నేను నిజం చెప్పింది ధర్మం కోసం కాదు. ఆవిడకన్నా తక్కువవాణ్ణై బతకలేక చెప్పాను. ఈర్ష్యే నా చేత తప్పు చేయించింది, ఈర్ష్యే దిద్దించింది. మీకు నీతి కావలిస్తే వేరేచోట వెతుక్కోండి.

జవాబు నెలలోపే వచ్చింది. ఆవిణ్ణి తిరిగి తీసుకోమన్నారు. ఆరు నెలల ఊరబెట్టుడు ఉన్నదున్నట్టు పాఠ్యక్రమంలో పెట్టమన్నారు. నన్ను మెట్ట ప్రాంతంలో ఒక బడికి బదిలీ చేశారు, ఇంక్రిమెంటు ఆపారు. అక్కడ పత్తి పండుతుందని తరవాత తెలిసింది. నా తకిలీలు అక్కడ ఎంచక్కా తిరిగాయి.

వెళ్ళే లోపల పాఠం రాసిచ్చి వెళ్ళమన్నారు హెడ్మాస్టరు గారు. వారం రోజులు ఆవిడ చెప్తుంటే రాశాను. పోటు ఎంత ఎక్కే చోట తవ్వాలో, మంచినీళ్ళు ఎందుకు పనికిరావో, డొక్క ఊరిందని గోరుతో గిల్లి ఎలా తెలుసుకోవాలో. రాసినదంతా చదివి వినిపించేవాణ్ణి. "ఇక్కడ ఒకటి వదిలేసేరండి" అని సరిగ్గా నేను వదిలేసినచోటే పట్టుకునేది. ఆ వారంలో ఎప్పుడో నా నోట 'మీరు' వచ్చింది. ఆవిడ గమనించినట్టు లేదు.

గొయ్యి తెరిచిన మర్నాడే నా ప్రయాణం. పిల్లలు చేప, నాగలి, చుక్క, ఎవరి గుర్తు వాళ్ళు వెతుక్కుని, డొక్కలు బాది, పీచు తీసి, ఆవిడ పక్కన కూర్చుని మొదటి తాడు పేనారు. నల్లగా, ముతగ్గా, కంపు కొడుతూ. నేను పెట్టే బేడా సర్దుకుని రేవుకు వస్తే ఆవిడ ఆ తాడు పట్టుకుని నిలబడి ఉంది. నా పెట్టె మూత వదులుగా ఉందని, అడగకుండానే వంగి తాడు రెండు చుట్లు చుట్టి బిగించింది.

"పిల్లల పీచండి. అందరి డొక్కల్లోంచీ తలో కాస్త కలిపేరండి" అంది. "విప్పేక పారెయ్యకండి మాస్టారండీ."

పిల్లలు ఒడ్డు మీద నిలబడి "వెళ్ళిరండి మాస్టారూ" అన్నారు. ఏడ్చినవాళ్ళు లేరు. పడవ కదిలాక చూస్తే అందరూ ఆవిడ చుట్టూ మూగి ఉన్నారు. అప్పుడు కూడా నా కడుపులో ఆ మంట మండిందంటే మీరు నమ్మాలి.

పారెయ్యలేదు. ఆ పెట్టె ఇప్పుడు మా అటక మీద ఉంది. చుట్టూ ఆ తాడే. ఏడాదికోసారి బూజు దులిపేటప్పుడు నేనే నిచ్చెనెక్కుతాను, ఇంకొకర్ని ఎక్కనివ్వను. రెండు చేతులా పట్టుకుని శక్తికొద్దీ లాగుతాను. ఒక్కసారి, ఒక్క పోగైనా పుటుక్కుమంటుందేమోనని చూస్తాను. చేతులు వణికే వయసు వచ్చింది, ఇంకా చూస్తూనే ఉన్నాను. ఇంతవరకూ తెగలేదు.